మామిడాకు ఎందుకు వాడలేదు?

ఉగాది మర్నాడు పొద్దున్నే మా అక్క కూతురు వీధి గుమ్మం దగ్గర నిలబడి తలెత్తి చూస్తోంది. నాలుగో తరగతి చదువుతోంది. ముందురోజు తోరణం కడుతున్నప్పుడు, స్టూలు ఎక్కిన నాకు ఆకులు అందించింది తనే. మామిడాకుల మధ్య అక్కడక్కడా వేపరెమ్మలు కూడా దోపాం. ఒక్క రోజు గడిచేసరికి ఆ రెమ్మలు తలలు వాల్చేశాయి. వాటి చిన్నాకులు ముడుచుకుపోయాయి, కొన్ని గడప మీద రాలి పడ్డాయి. మామిడాకులు మాత్రం కట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"పిన్నీ, రెండూ నిన్ననే కోశాం కదా. వేపాకు చచ్చిపోయింది. మరి మామిడాకు ఎందుకు చచ్చిపోలేదు?"

"మామిడాకు మందంగా ఉంటుందమ్మా" అన్నాను. చేతిలో పనుంది, ఆ మాట సరిపోతుందనుకున్నాను. "మందంగా ఉంటే?" అంది. అడగాల్సిన ప్రశ్న అదే. మందం మన కంటికి కనిపించే సంగతి. ఆ మందం ఏం పని చేస్తోందో చెబితేనే అది జవాబవుతుంది. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నదీ, తర్వాత వారం రోజులు కలిసి చూసినదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు, ఆకు వాడటం అంటే ఏమిటి? ఇది తెలియాలంటే రైతుబజారుకు వెళ్లాలి. పొద్దున ఆరింటికి తోటకూర కట్టలు నిక్కి నిలబడి ఉంటాయి. పదింటికి ఎండ తగిలేసరికి అవే కట్టలు పక్కకు ఒరిగిపోతాయి. అమ్మే ఆమె వాటి మీద తడి గోనెపట్టా కప్పుతుంది, మధ్య మధ్య నీళ్లు చిలకరిస్తుంది. కాస్సేపటికి కొన్ని కట్టలు మళ్లీ తేరుకుంటాయి. అంటే తోటకూర నిలబడేది నీళ్ల బలంతోనే.

నీళ్లకు నిలబెట్టే బలం ఎక్కడిది? సైకిలు ట్యూబును గుర్తు తెచ్చుకోండి. గాలి లేనప్పుడు అది చేతిలో జారిపోతుంది. గాలి కొడితే బిగుసుకుంటుంది, మనిషి బరువు మోస్తుంది. ఆకు నిండా కంటికి కనపడనంత చిన్న కణాలు ఉంటాయి. ఒక్కో కణం అలాంటి ట్యూబే, లోపల ఉండేది గాలికి బదులు నీరు. నీరు నిండుగా ఉంటే కణం ఉబ్బి తన గోడను బయటికి నెడుతుంది, పక్క కణం అంతే బలంగా ఇటు నెడుతుంది. ఇలా ఒకదానినొకటి ఒత్తుకుని ఆకంతా బిర్రుగా ఉంటుంది. దీన్ని పాఠ్యపుస్తకాలు స్ఫీత స్థితి అంటాయి. నీరు తగ్గితే ట్యూబు మెత్తబడ్డట్టు కణాలు మెత్తబడతాయి, ఆకు వాలుతుంది. వాడటమంటే ఇదే.

అయితే ఆ నీరు ఎటు పోతోంది? చెట్టు మీదున్న ఒక మామిడి కొమ్మకు పలచటి పాలిథిన్ కవరు తొడిగి, మూతి దారంతో బిగించి, ఎండలో రెండు మూడు గంటలు వదిలేయండి. కవరు లోపలంతా నీటి చుక్కలు పడతాయి. ఆ నీరు ఆకులు వదిలింది. ఆకు అడుగున సూక్ష్మమైన రంధ్రాలు, చదరపు మిల్లీమీటరు మేరలో వందల కొద్దీ ఉంటాయి. వీటిని పత్రరంధ్రాలు అంటారు. ఒక్కో రంధ్రానికి రెండు పెదవుల్లాంటి కణాలు కాపలా కాస్తాయి. అవి ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, మెత్తబడితే మూసుకుంటుంది.

అంత విలువైన నీరు పోతుంటే రంధ్రాలు తెరవడం దేనికి? తిండి కోసం. ఆకు తన ఆహారం తయారుచేసుకోవడానికి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలి. ఆ తలుపు తెరిస్తే లోపలి తేమ బయటికి పోతుంది. గాలి కోసం కిటికీ తెరిస్తే దోమలు కూడా వచ్చినట్టు, ఒకటి కావాలంటే రెండోది తప్పదు. చెట్టు మీద ఉన్నంతకాలం ఆకుకు ఇది పెద్ద నష్టం కాదు. పోయిన నీటికి బదులు వేరు నుంచి నీరు వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మనం ఆకును కోశాం. వచ్చే నీరు ఆగిపోయింది, పోయే నీరు పోతూనే ఉంది. ఆకు ఈ సంగతి గ్రహిస్తుంది. నీరు తగ్గగానే లోపల అబ్సిసిక్ ఆమ్లమనే హార్మోను పెరుగుతుంది, దాని ప్రభావంతో రంధ్రాల కాపలా కణాలు మెత్తబడి తలుపులు మూస్తాయి. వేపాకూ ఈ పని చేస్తుంది, మామిడాకూ చేస్తుంది. ఇక్కడిదాకా రెండూ సమానమే.

తేడా వచ్చేది తలుపులు మూసిన తర్వాత. మన ఇళ్లలో రెండు రకాల పాత్రలుండేవి, మంచినీళ్ల మట్టికుండ, ఆవకాయ జాడీ. మట్టికుండకు మూత పెట్టినా గోడల గుండా నీరు ఊరుతూనే ఉంటుంది. బయటి వైపు చెయ్యి పెడితే చల్లగా, తడిగా తగులుతుంది. నీళ్లు చల్లబడేది ఆ ఊటతోనే. జాడీ అలా కాదు. అదీ మట్టితో చేసిందే, కానీ పైన గాజులాంటి నున్నటి పూత ఉంటుంది. మూత బిగించి గుడ్డ కడితే ఊట చుక్కైనా బయటికి రాదు. కోసిన ఆకుల్లో కొన్ని కుండలు, కొన్ని జాడీలు. ముదురు మామిడాకు జాడీ.

జాడీకి ఉన్న పూతలాంటిది మామిడాకుకు ఏది? ఒక ఆకును చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు పట్టి చూడండి. పైవైపు నిగనిగలాడుతుంది, అడుగువైపు కాస్త పాలిపోయి ఉంటుంది. పైన ఒక నీటి చుక్క వేసి ఆకును వంచితే చుక్క అంటుకోకుండా జారిపోతుంది. ఆ నిగనిగ మైనానిది. ఆకు తన చర్మం మీద తానే ఒక మైనపు పొర పరుచుకుంటుంది. దాని పేరు అవభాసిని. ఇది కాగితం కన్నా పలచనే అయినా, నీటికి దాన్ని దాటడం చాలా కష్టం. తలుపులు మూసుకున్నాక, వాటి సందుల్లోంచి పోయేది పోగా, నీటికి మిగిలే దారి ఈ పొర ఒక్కటే. పొర గట్టిదైతే రోజుల తరబడి నీరు నిలుస్తుంది, పలచనిదైతే గంటల్లో పోతుంది.

మందం పని ఇక్కడ అర్థమవుతుంది. ఎండలో అప్పడాలు పెడితే ఒక్క ఎండకే పెళుసుబారతాయి. అదే పిండి వడియం పెడితే రెండు మూడు ఎండలు కావాలి. తేమ పోయేది పైనుంచి కాబట్టి, లోపలున్న తేమతో పోలిస్తే పైభాగం ఎంత ఎక్కువైతే అంత త్వరగా ఎండుతుంది. ఒక వేపాకు ఈనెకు పది, పదిహేను చిన్నాకులు ఉంటాయి. ఒక్కోటి పలచన, వెలుతురుకు పెడితే నరాలు కనిపిస్తాయి. అంటే వేపాకు అప్పడం, మామిడాకు వడియం.

వేప పక్షాన ఇంకో మాట చెప్పాలి, లేకపోతే దానికి అన్యాయం చేసినట్టవుతుంది. ఉగాది నాటికి వేపచెట్టు పాత ఆకు రాల్చి కొత్త చిగురు తొడుగుతుంది. పూత కోసం మనం కోసుకొచ్చే రెమ్మల్లో ఉండేవి లేత ఆకులే. ఆకు ముదిరే కొద్దీ గానీ మైనపు పొర పూర్తిగా ఏర్పడదు. మేము పోల్చింది ముదురు మామిడాకునూ లేత వేపాకునూ. ఆషాఢంలో తెలంగాణలో బోనాలకు కుండల చుట్టూ కట్టే వేపాకు ముదురుది, ముదురాకుపచ్చగా ఉంటుంది. ఉగాది రెమ్మ కంటే అది ఎక్కువసేపు నిలుస్తుంది. మామిడిలోనూ ఇంతే. కొమ్మ చివర రాగిరంగులో మెరుస్తూ కిందికి వేలాడే చిగుళ్లను తోరణానికి కట్టి చూడండి, మధ్యాహ్నానికే గుడ్డపీలికల్లా అయిపోతాయి. చిగురులో ఇంకా సరైన మైనమూ లేదు, గట్టి నారా లేదు.

ఈ మాటలు విని ఒప్పుకోవడం వేరు, కళ్లతో చూడటం వేరు. అందుకని ఆ సాయంత్రం ఒకే కొమ్మ నుంచి ఒకే వయసున్న నాలుగు మామిడాకులు కోశాం. నాలుగింటి కాడల చివరా కొవ్వొత్తి మైనం చుక్క వేశాం, ఆ గాయం గుండా నీరు పోకుండా. మొదటి ఆకుకు ఏమీ రాయలేదు. రెండోదానికి పైవైపు, మూడోదానికి అడుగువైపు, నాలుగోదానికి రెండువైపులా వాసెలిన్ పలచగా పూశాం. నాలుగింటినీ దారాలతో కిటికీ ఊచకు వేలాడదీశాం. ముందుగా ఎండడం మొదలుపెట్టినవి ఒకటోదీ రెండోదీ. పైన వాసెలిన్ రాసినందుకు రెండో ఆకుకు పెద్దగా లాభం కలగలేదు, అక్కడ మూయాల్సిన రంధ్రాలు లేవు కనక. అడుగున రాసిన మూడోది, రెండువైపులా రాసిన నాలుగోది వాటి తర్వాత కూడా చాలా రోజులు మెత్తగా పచ్చగా ఉన్నాయి. మామిడాకుకు రంధ్రాలు అడుగుననే ఉంటాయని పుస్తకంలో చదవక్కర్లేకుండానే పిల్లకు తెలిసింది.

నీరు నిలవడం సగం జవాబు. నీరు పోయాక కూడా మామిడాకు వాలిపోదు, అది రెండో సగం. తోటకూరను నిలబెట్టేది నీరొక్కటే. మామిడాకుకు ఇంకో ఆధారముంది. ఆకును చేత్తో తడిమితే మధ్య ఈనె వెన్నెముకలా గట్టిగా తగులుతుంది, దానికి అటూ ఇటూ పక్కీనెలు వరసగా ఉంటాయి. వాటిలో ఉండేది నార, దాదాపు కర్రలాంటి పదార్థం. పందిరికి రాటలూ వాసాలూ వేసినట్టు ఆకు లోపలే ఒక కట్టడం ఉంది. నీరు తగ్గినా ఆ కట్టడం ఆకారాన్ని పట్టి ఉంచుతుంది. అందువల్ల మూడో రోజుకు మన తోరణంలోని ఆకులు చాలా నీరు పోగొట్టుకున్నా మన కళ్లకు ఆ సంగతి తెలియదు. వేళ్లకు తెలుస్తుంది. కొత్త ఆకు చల్లగా, బరువుగా తగులుతుంది. మూడో రోజు ఆకు తేలిక, అంచుల్లో అట్టముక్కలా గరుకు.

మరి రంగు? చెట్టు కింద రాలిన మామిడాకులు పసుపుగానో గోధుమరంగులోనో ఉంటాయి. తోరణంలోవి ఎండినా చాలా రోజులు పచ్చదనం పోదు. కారణం ఏమిటంటే, ఆకు పండటం కూడా ఒక పని, దాన్ని చేసేది బతికున్న కణాలు. ముదిసిన ఆకును వదిలించుకునే ముందు చెట్టు అందులోని పత్రహరితాన్ని విడగొట్టి, పనికొచ్చే నత్రజనిని కొమ్మలోకి వెనక్కి తీసుకుంటుంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు సామాను సర్దుకుని పోయినట్టు. పచ్చ పోయాక మిగిలేది పసుపు. కోసిన ఆకుకు సామాను సర్దుకునే వ్యవధి ఉండదు. ఆ పని పూర్తయ్యేలోపే అది ఎండిపోతుంది, పత్రహరితం చాలావరకు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. కరివేపాకును నీడన ఆరబెడితే పచ్చగా ఎండేది ఇందుకే. ఎండలో పెడితే వెలుతురే పత్రహరితాన్ని పాడు చేస్తుంది, ఆకు వెలిసిపోతుంది. మీ ఇంటికి తూర్పు గుమ్మం, పడమటి గుమ్మం రెండూ ఉంటే రెండు తోరణాలనూ పోల్చి చూడండి. ఎండ ఎక్కువ తగిలే తోరణం ముందు వెలుస్తుంది.

ఇక పిల్ల వాడిన మాట దగ్గరికి వద్దాం. మామిడాకు "చచ్చిపోలేదు" అంది. ఆ మాట అక్షరాలా నిజం. కోయగానే ఆకు చావదు. లోపల నీరున్నంతవరకు దాని కణాలు బతికే ఉంటాయి, ఊపిరి తీసుకుంటూ ఉంటాయి. గుమ్మానికి కట్టిన మొదటి రోజు ఆకులు ప్రాణమున్న ఆకులే.

ప్రాణముంది కనక తోరణం ఇంటికి ఆక్సిజన్ ఇస్తుందని చాలామంది చెబుతారు. ఈ మాటను లెక్క వేసి చూడటం మంచిది. ఒక మనిషి రోజుకు వాడుకునే ఆక్సిజన్ సుమారు 550 లీటర్లు. తోరణంలో 21 ఆకులున్నాయనుకుందాం. అవి చెట్టు మీదే ఉండి, పగలంతా మంచి ఎండ తగిలినా అన్నీ కలిసి ఇచ్చేది ఒకటి రెండు లీటర్లు. కోసిన ఆకు రంధ్రాలు మూసుకుంటుంది, గుమ్మం నీడలో ఉంటుంది. ఇక అది ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు. తోరణం కట్టడానికి ఈ కారణం అవసరం లేదని నా అభిప్రాయం. పండగ వచ్చిందని వీధిలో వెళ్లేవారికి చెప్పడం, ఇంట్లోకి అడుగుపెట్టేవారి తల మీద ఒక పచ్చటి నీడ పట్టడం, ఈ రెండూ చాలు.

ఇంతవరకు చెప్పుకున్న కారణాల నుంచే ఆకు ఎలా కోయాలో, ఎలా కట్టాలో తెలుస్తుంది. ఆకు కోయడానికి తెల్లవారుజాము మంచిది. రాత్రి రంధ్రాలు చాలావరకు మూసి ఉంటాయి, వేళ్లు తెచ్చిన నీరు ఆకుల్లో నిండుగా చేరి ఉంటుంది. మధ్యాహ్నం కోసిన ఆకు చెట్టు మీదే సగం దాహంతో ఉంటుంది. ముదురాకుపచ్చగా, నిగనిగలాడుతూ, తాకితే గట్టిగా తగిలేవాటినే కోయాలి. కోసేటప్పుడు కాడ దగ్గర కొద్దిగా జిగురు ఊరుతుంది. మామిడి సొన చర్మాన్ని పొక్కిస్తుంది కనక ఆ చేత్తో కళ్లు నులుముకోకూడదు, పిల్లలకు ముందే చెప్పాలి. చెట్టు మీద ఆకులు కుట్టి గూళ్లు కట్టుకునే ఎర్రచీమలు ఉంటే ఆ కొమ్మ జోలికి పోవద్దు.

ఇక్కడ ఒక విన్నపం. మామిడి పూత వచ్చేది కొమ్మల చివరనే. సంక్రాంతికి తోరణమని కొమ్మ చివర్లు విరిస్తే ఆ చివర రావాల్సిన పూత పోతుంది. ఉగాదికి విరిస్తే పిందెలతో సహా పోతుంది. ఊళ్లో పండగ రోజున రోడ్డు పక్క చెట్లను గెడకర్రతో లాగి మూరెడేసి కొమ్మలు విరిచేయడం చూస్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. తోరణానికి కావలసింది ఆకే కదా. చివరను వదిలి, దానికి కింద ఉన్న ముదురాకులను కాడతో సహా ఒక్కొక్కటిగా తుంచితే చెట్టుకు నష్టం ఉండదు. పైగా మనకు కావలసిన గట్టి ఆకులు ఉండేది అక్కడే.

కోసినవాటిని తడి గుడ్డతో తుడిచి, తడి గుడ్డలోనే చుట్టి ఉంచాలి. కట్టడానికి పురికొస మేలు, నైలాను తాడు మీద ఆకు జారుతుంది. మా అమ్మ కట్టే పద్ధతి ఇది. ఆకు తలకిందులుగా వేలాడేలా కాడ వైపు భాగాన్ని తాడు మీదుగా ఒక అంగుళం వెనక్కి మడుస్తుంది. మడత పడిన రెండు పొరల్లోనూ, మధ్య ఈనెకు అటు నుంచి ఇటుకు, కొబ్బరి ఈనెపుల్ల ముక్కను కుట్టు వేసినట్టు గుచ్చుతుంది. పుల్ల ఈనె కిందుగా పోయి రెండోవైపు తేలాలి. పుల్లను ఈనెకు దూరంగా, ఉత్త ఆకులో గుచ్చితే రెండో రోజుకు ఆకు చిరిగి పడిపోతుంది. బరువు మోసేది నార అని చెప్పుకున్నాం కదా, పుల్ల ఆధారం తీసుకునేదీ ఆ నారనే. ఆకులు 5, 7, 11, 21 ఇలా బేసిగా కట్టడం ఆనవాయితీ.

కొమ్మగా ఇంట్లో పెట్టుకోవాలంటే, చెంబులో నీళ్లు పోసి పెట్టే ముందు కాడను మళ్లీ ఒకసారి, నీళ్లలో ముంచి ఉంచే, ఏటవాలుగా కోయాలి. చెట్టులో నీరు కింది నుంచి తోస్తే పైకి పోయేది కాదు. ఆకులు పైనుంచి లాగుతుంటే సన్నటి గొట్టాల్లో బిగిసిన దారంలా సాగుతూ ఉంటుంది. కొమ్మను కోయగానే ఆ దారం తెగి పైకి ఎగదన్నుతుంది, ఖాళీ అయిన గొట్టం మూతిలోకి గాలి దూరుతుంది. ఆ గాలిబుడగ దాటి నీరు ఎక్కలేదు. చెంబు నిండా నీళ్లున్నా కొమ్మ వాడిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

పండగ పచ్చదనమంతా మామిడాకు దారిలోనే నడవదు. అరటి బోదెలు గుమ్మానికి అటూ ఇటూ కడితే నాలుగు రోజులు నిలబడతాయి. వాటికి మైనంతో పనిలేదు. బోదె అంతా ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న పట్టలే, వాటి అరల నిండా నీరే. కోసినా ఆ నీటి నిల్వ మీద బతుకుతుంది. బతుకమ్మలో పేర్చే గునుగుపూలది దీనికి సరిగ్గా వ్యతిరేకం. గునుగు చెట్టు మీద ఉన్నప్పుడే కాగితంలా పొడిగా ఉంటుంది. పోగొట్టుకోవడానికి నీరే లేని పువ్వు ఇక ఎలా వాడుతుంది? దానికి రంగులు అద్దడం కూడా ఆ పొడితనం వల్లే సాధ్యం. బంతిపూలు ఈ రెండింటికీ మధ్య. మన పండగలన్నిటా నిండిపోయిన ఈ బంతి అసలు మెక్సికో నుంచి వచ్చింది. చిక్కగా రేకుల మీద రేకులు ఒత్తుకుని ఉండటం వల్ల బయటి రేకులు వాడినా లోపలివి తేమ దాచుకుంటాయి.

"క్రిస్మస్ చెట్టు కూడా ఇంతేనా?" అని తర్వాత రెండు రోజులకు అడిగింది పిల్ల. తన స్నేహితురాలి ఇంట్లో చూసిందట. చలిదేశాల్లో డిసెంబరు వచ్చేసరికి వెడల్పాటి ఆకులున్న చెట్లు చాలావరకు బోడిగా నిలబడి ఉంటాయి. నేలలో నీరు గడ్డకడితే వేళ్లకు అందదు. అందని కాలంలో ఆకులు ఉంచుకోవడం ఖర్చే కనక చెట్లు ముందే వదిలేస్తాయి. ఫర్, స్ప్రూస్, పైన్ చెట్లు మాత్రం పచ్చగా ఉంటాయి. వాటి ఆకులు సూదుల్లా సన్నగా ఉంటాయి, పైన దట్టంగా మైనం, రంధ్రాలు లోపలికి గుంటపడి గాలికి దూరంగా ఉంటాయి. అది జాడీలకే జాడీ. 1947 నుంచి ఏటా నార్వేలోని ఓస్లో నగరం లండన్‌కు ఒక పెద్ద స్ప్రూస్ చెట్టును కానుకగా పంపుతోంది. నవంబరులో నరికి సముద్రం మీద తెచ్చిన ఆ చెట్టు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో జనవరి మొదటి వారం దాకా నిలబడుతుంది. వేరు లేకుండా నెల దాటి పచ్చగా ఉండటానికి మైనం ఒక కారణం, చలి ఇంకో కారణం. చలిలో నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది. అదే చెట్టును హీటరున్న గదిలో పెడితే సూదులు త్వరగా రాలతాయి. అందుకే ఇళ్లలో పెట్టేవాళ్లు మొదలును మళ్లీ కొద్దిగా కోసి నీళ్ల తొట్టెలో నిలబెడతారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల ఉగాది కష్టం దీనికి తిరగబడిన కథ. మన సరుకులమ్మే దుకాణంలో మామిడాకులు కొని తెస్తారు. మార్చిలో ఇంకా మంచు పడే ఊళ్లో వీధి తలుపుకు బయట కడితే, తెల్లారేసరికి ఆకులు నల్లబడిపోతాయి. మామిడి మైనం నేర్చుకున్నది వేడికి ఓర్చుకోవడం, గడ్డకట్టే చలికి కాదు. అక్కడ తోరణాన్ని తలుపు లోపలి వైపు కట్టుకోవాలి.

మా బాపట్ల వైపు క్రిస్మస్‌కు ఫర్ చెట్లు ఎక్కడివి? సముద్రపొడ్డు ఇసుకలో పెరిగే సరుగుడు కొమ్మ నరికి తెచ్చి కుండలో నిలబెట్టి, నక్షత్రం కడతారు. చూడటానికి అచ్చం సూదులాకుల చెట్టే. కానీ ఒక సరుగుడు పోగును తీసుకుని రెండు చేతులతో మెల్లగా లాగితే, ఒక కణుపు దగ్గర 'టిక్'మని ఊడి వస్తుంది. ఊడిన చోట చుట్టూ కిరీటంలా ఆరేడు సన్నటి పళ్లు కనిపిస్తాయి. సరుగుడు ఆకులు అవే. మనం ఆకనుకునే ఆ పచ్చటి పోగు నిజానికి కొమ్మ. ఉప్పుగాలిలో, ఇసుకలో నీరు నిలుపుకోవడానికి ఆ చెట్టు ఆకులను దాదాపు వదిలేసుకుని, కొమ్మతోనే ఆకు పని చేయించుకుంటోంది. రంధ్రాలను ఆ పోగు మీది సన్నటి గాళ్లలో దాచుకుంది. పిల్ల ఆ పోగును చివరిదాకా కణుపు కణుపుగా విడదీసి, ముక్కలన్నీ గచ్చు మీద వరసగా పేర్చింది.

ఈమధ్య గుమ్మాలకు ప్లాస్టిక్ తోరణాలు వచ్చాయి. వాటికి దుమ్ము పడుతుంది తప్ప వాడవు. నాకు ఆకు తోరణమే ఇష్టం. ఆకు తోరణం రోజు రోజుకూ మారుతుంది, అది మారబట్టే పిల్ల తలెత్తి చూసింది.

మా ఉగాది తోరణాన్ని మేము విప్పలేదు. వైశాఖంలో ఆకులు ఈనె వెంట దొన్నెల్లా ముడుచుకుని, గాలి వీస్తే గలగలమన్నాయి. ఆషాఢంలో ముసురు పట్టిన రోజుల్లో ఆ చప్పుడు ఆగిపోయింది. ఆ సంగతి చెబితే, "ఆకులు మళ్లీ బతికాయా?" అని పిల్ల తన ఊరి నుంచి ఫోన్లో అడిగింది. బతకలేదు. ఎండిన నార గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది, ఎండ రాగానే మళ్లీ బిగుసుకుంటుంది. వరలక్ష్మీ వ్రతానికి కొత్త తోరణం కట్టేటప్పుడు పాతదాన్ని విప్పి, తాడు తీసేసి, ఆకులను మామిడిచెట్టు మొదట్లో గుంట తీసి కప్పాం. పక్కనే ఇంకో గుంటలో అంతే వేపాకు వేశాం. నెల తర్వాత దసరా సెలవులకు ముందు తవ్వి చూస్తే వేపాకు ఉన్నచోట నల్లటి మన్ను, మధ్యలో నాలుగు ఈనెలు. మామిడాకులు మాత్రం చాలావరకు ఆకుల్లాగే ఉన్నాయి. నీటిని బయటికి పోనివ్వని మైనం, సూక్ష్మజీవులను లోపలికి అంత తేలిగ్గా రానివ్వదు. నారను తినడానికి వాటికీ చాలా కాలం పడుతుంది. పిల్ల వచ్చినప్పుడు చూస్తుందని గుంటను మళ్లీ కప్పేసి, గుర్తుకు ఒక ఈనెపుల్ల గుచ్చి ఉంచాను.